లెక్కల మేడమ్ ఆఖరి సెమిస్టర్

ఆ అమ్మాయిని కాలేజీలో అందరూ పిచ్చుక అనేవారు. మనిషి చిన్నది. పైగా ఒక క్లాసు నుంచి ఇంకో క్లాసుకి ఆమె నడిచి వెళ్లడం ఎవరూ చూడలేదు, ఎగిరిపోవడమే. తోటివాళ్లంతా ఐదు సబ్జెక్టులతోనే అమ్మో అనుకుంటుంటే, ఆ సెమిస్టర్‌లో ఆమె ఏడు నెత్తికెత్తుకుంది. అంతకుముందు ఏడాది నాయనమ్మ మంచాన పడింది. అమ్మానాన్నలిద్దరూ ఉద్యోగాలకు పోతే చూసుకునే దిక్కు పిచ్చుకే అయింది. రెండు పరీక్షలు రాయలేకపోయింది. నాయనమ్మ పోయింది, పరీక్షలు మిగిలాయి.

ఏడు తీసుకోవాలంటే లెక్చరర్ ఒకరు ఒప్పుకోవాలి. పిచ్చుక స్టాటిస్టిక్స్ చెప్పే మేడమ్ దగ్గరికి వెళ్లింది. పిల్లలంతా ఆవిణ్ని లెక్కల మేడమ్ అనేవాళ్లు. నెరిసిన జుట్టు, మోచేతి దాకా సుద్దపొడి, గంట కొట్టినట్టుండే గొంతు.

"ఏడు మోస్తావా తల్లీ?" అంది మేడమ్.

"మోస్తాను మేడమ్."

"మొయ్యడానికేం, గాడిద కూడా మోస్తుంది. ఏడూ బుర్రకెక్కాలిగా?"

పిచ్చుక తల వంచుకుంది. మేడమ్ నవ్వి సరేనంది.

ఏ క్లాసు ఎలా ఉందో హాస్టల్లో రోజూ చర్చే. పిచ్చుక రూమ్మేట్‌ని పొడుగు అనేవారు. మంచం మీద పడుకుంటే ఆమె కాళ్లు బయటికి వేలాడేవి. ఏ విషయం మీదైనా ఆమెకు అభిప్రాయం ఉండేది. "అకౌంట్స్ సారు పాఠం చెప్తుంటే గోడ గడియారం కూడా ఆవలిస్తుందే. కంప్యూటర్ ల్యాబ్‌లో మెషీన్లకి మనకన్నా ఎక్కువ జబ్బులు. ఒక్క లెక్కల మేడమ్ క్లాసే, పొద్దున్నే లేచినందుకు తగిన ఫలితం ఉందనిపిస్తుంది."

పిచ్చుకకీ అలాగే అనిపించేది. ఏడు సబ్జెక్టులతో ఊపిరాడని రోజుల్లో ఆ మొదటి పీరియడ్ ఒక్కటే కాస్త నిలబడి గాలి పీల్చుకునే చోటు. తొలి వారాల్లో మేడమ్ సంభావ్యత పాఠం మొదలుపెట్టింది. సంచిలో ఎర్ర బంతులు, నల్ల బంతులు. కళ్లు మూసుకుని ఒకటి తీస్తే ఏది వస్తుంది? "పెళ్లి సంబంధం చూసుకున్నట్టే. చెయ్యి పెట్టేదాకా ఎవరికీ తెలీదు," అని మేడమ్ అంటే క్లాసంతా పగలబడి నవ్వింది.

తర్వాతి వారం మేడమ్ మళ్లీ అదే సంచితో వచ్చింది. అవే బంతులు, అదే పెళ్లి సంబంధం. రివిజన్ కాబోలు అనుకున్నారు. కొందరు మర్యాదకి నవ్వారు. ఆ పై వారం మళ్లీ అదే పాఠం మొదలైతే, వెనక బెంచీల వాళ్లు జోకు రాకముందే దాన్ని తమలో తాము గుసగుసలాడి కిసుక్కుమన్నారు.

"నెత్తిన పాలు పోసింది. ఈ ఒక్క పేపరైనా తేలిగ్గా పోతుంది," అంది పొడుగు.

పిచ్చుకకు నవ్వు రాలేదు. పాఠం మధ్యలో మేడమ్ ఆగడం చూసింది. డస్టర్ కావాల్సి వచ్చి ఆ మాట దొరక్క, "అదిగో అది, తుడిచేది," అని నవ్వేసి సర్దేయడం చూసింది. ఆ నవ్వు ఆమె ఎరిగినదే. నాయనమ్మ కూడా మొదట్లో అలాగే నవ్వేది. తప్పిపోయిన మాటల మీద నవ్వు దుప్పటిలా కప్పేసేది. ఇంట్లో అందరికీ అది ముసలితనపు పరధ్యానమే అనిపించింది. ఒకరోజు సొంత వీధిలోనే దారి తప్పి, ఎవరో చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేదాకా.

మర్నాడు పిచ్చుక అందరికన్నా ముందు క్లాసుకెళ్లింది. బోర్డు పై మూలన, మునుపటి రోజు పాఠం ఎక్కడ ఆగిందో, ఈ రోజు ఏది మొదలవ్వాలో రెండు ముక్కలు రాసి కూర్చుంది. మేడమ్ వచ్చి, బోర్డు చూసి, క్షణం నిలబడి, అక్కణ్నించే పాఠం అందుకుంది. ఆ రోజు సంచీ లేదు, బంతులూ లేవు. పాఠం ముందుకు నడిచింది.

రోజూ అదే పని. పొడుగు పసిగట్టి, "ఎందుకే ఇదంతా?" అని నిలదీస్తే చెప్పక తప్పలేదు. పొడుగు నోట్లో నువ్వుగింజ నానదు. అయినా ఈసారి ఆమె గొడవ చేయలేదు. మెల్లగా క్లాసులో ఒకరికొకరు చెప్పుకున్నారు. మేడమ్ ఒక మాట దగ్గర ఆగితే ముందు బెంచీలోంచి ఎవరో ఆ మాట అందించేవాళ్లు, సందేహం అడిగినట్టుగా. అంకె తప్పితే, "మేడమ్, నేను తప్పు రాసుకున్నానేమో," అనేవాళ్లు. నవ్వులు ఆగిపోయాయి. జోకు మళ్లీ వచ్చిన రోజున మాత్రం అందరూ కొత్తగా విన్నట్టే నవ్వారు.

ఇంతలో ఇంటర్నల్ పరీక్ష వచ్చింది. సగానికి పైగా ప్రశ్నలు సహసంబంధం, అదే కోరిలేషన్, పాఠంలోవి. ఆ పాఠం మేడమ్ అసలు మొదలే పెట్టలేదు. చెప్పేశానని ఆవిడ నమ్మకం. దాదాపు అందరూ తప్పారు.

ఆ మధ్యాహ్నం క్యాంటీన్ వెనక లీడరు అందర్నీ పోగేశాడు. లీడరంటే క్లాసు ప్రతినిధి. మాట కుండబద్దలు కొట్టినట్టుండే కుర్రాడు. "ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్దాం. చెప్పేద్దాం," అన్నాడు.

"చెప్తే ఆవిణ్ని ఇంటికి పంపేస్తార్రా," అంది పొడుగు.

"పంపకపోతే మనం ఇంటికి పోతాం. మీకు జాలేస్తోంది, బాగానే ఉంది. ఈ పేపర్ పోతే నాకు సీటు పోతుంది. పై చదువుకి నాకున్న దారి ఇదొక్కటే. మేడమంటే నాకు గౌరవం లేదనుకుంటున్నారా? మాటలు అందించే నాటకం ఇంకెన్నాళ్లు ఆడతాం?"

అతను అన్నదాంట్లో అబద్ధం లేదు. పిచ్చుక అంది: "ముందు నేను ఆవిడతో మాట్లాడతాను. ప్రిన్సిపాల్ దగ్గరికి తర్వాత వెళ్దువు గానీ."

"రేపటిదాకా ఆగుతా," అన్నాడు లీడరు.

స్టాఫ్ రూములో మేడమ్ ఒక్కతే ఉంది. ముందున్న పేపర్ల కట్టలో పై పేపరునే మళ్లీ మళ్లీ చూస్తోంది. పిచ్చుక గుమ్మంలో నిలబడి, దారిలో కూడగట్టుకున్న మాటలన్నీ మరిచిపోయి, "మేడమ్, సహసంబంధం మాకు చెప్పలేదు," అనేసింది.

"చెప్పాను."

"లేదు మేడమ్. ఈమధ్య మీరు కొన్ని మరిచిపోతున్నారు. మా నాయనమ్మకి కూడా ఇలాగే..."

మేడమ్ లేచి నిలబడింది. ముఖం ఎర్రబడింది. "పాఠం చెప్పడం నువ్వు నేర్పుతావా నాకు? నువ్వు పుట్టకముందు నుంచీ చెప్తున్నాను. ఏడు తలకెత్తుకుని మొయ్యలేక, తప్పు నా మీదికి తోస్తావా? వెళ్లు."

పిచ్చుక వరండాలోకి వచ్చి గోడకి ఆనుకుని ఏడ్చింది. ఆ సబ్జెక్టు వదిలేద్దామా అనిపించింది. నాయనమ్మ కూడా ఒకసారి ఇలాగే కసిరి, చేతిలో గ్లాసు విసిరికొట్టింది. అప్పుడు తెలియనిది ఆమెకి ఇప్పుడు తెలిసింది. అది కోపం కాదు, భయం.

మర్నాడు లీడరు ప్రిన్సిపాల్ గదివైపు అడుగు వేయకముందే కబురు వచ్చింది, మేడమ్ సెలవులో ఉందని. రెండో రోజూ రాలేదు. మూడో రోజు పొద్దున పిచ్చుక క్లాసుకెళ్లేసరికి మేడమ్ ఖాళీ గదిలో ముందు బెంచీ మీద, పిల్లలు కూర్చునే చోట, కూర్చుని ఉంది.

"రామ్మా," అంది. గొంతులో గంట లేదు. "బోర్డు మీద రాసేది నువ్వే కదూ?"

"అవును మేడమ్."

"మొదటి రోజు ఒళ్లు మండింది, చెరిపేద్దామనుకున్నాను. తర్వాత పొద్దున్నే మెట్లెక్కుతూ, రాసి ఉంటుందా, ఉండదా అనుకుంటూ వచ్చేదాన్ని." చేతులు చూసుకుంది. "నిన్న మా ఆయన డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయనకి తెలుసు. నాకూ తెలుసు. ఒకరికొకరం తెలీనట్టు నటించాం ఇన్నాళ్లూ. నువ్వే పైకి అన్నావు. ఆ రోజు నిన్ను తిట్టాను, మనసులో పెట్టుకోకు."

పిచ్చుక ఆవిడ పక్కన కూర్చుంది.

"ఒకటడుగుతాను, నిజం చెప్పు," అంది మేడమ్. "మీ నాయనమ్మకి ఆఖరికి ఏం మిగిలింది?"

అబద్ధం చెప్పాలని ఉంది పిచ్చుకకి. అడిగిన మనిషి కళ్లు చూస్తే నోరు రాలేదు.

"పేర్లు పోయాయి మేడమ్. మా నాన్నని కూడా గుర్తుపట్టలేదు. నేనెవరో తెలీదు. కానీ నా జడ అల్లేది. ఆఖరి వారం దాకా అల్లింది. వేళ్లు వాటంతటవే పోయేవి. అల్లుతూ, ఎవరమ్మాయివే, జుట్టు బాగుంది అనేది."

"అయితే ఏదో ఒకటి ఉంటుందన్నమాట," అంది మేడమ్. చీర చెంగుతో కళ్లు ఒత్తుకుంది.

పిల్లలంతా వచ్చాక ఆవిడే చెప్పింది. దాచలేదు, సాగదీయలేదు. తనకి మతిమరుపు జబ్బని, పెరుగుతుందే గానీ తగ్గదని, ప్రిన్సిపాల్‌తో మాట్లాడొచ్చానని, ఆ పరీక్ష మార్కులు లెక్కలోకి రావని చెప్పింది. "మీరు అందించిన ప్రతి మాటా నాకు వినపడింది. గమనించలేదనుకున్నారేమో," అంది. వెనక బెంచీలో ఒకడు తల బల్ల మీద పెట్టుకున్నాడు. లీడరు లేచి నిలబడ్డాడు. "కూర్చోరా. క్యాంటీన్ వెనక నువ్వన్నది కూడా నా చెవిన పడింది. న్యాయమే అన్నావు," అంది మేడమ్. తర్వాత సుద్దముక్క తీసుకుని సహసంబంధం పాఠం మొదలుపెట్టింది. రెండు చోట్ల ఆగింది. ఆగినప్పుడు తనే తిరిగి, "అందుకోండి," అని అడిగింది.

ఆవిడ చెప్పిన ఆఖరి పాఠం అదే.

కొత్తగా వచ్చిన సారు చెడ్డవాడేం కాదు. వేగం మాత్రం రైలే. నోట్సు చెప్తాడు, గంట కొట్టగానే పోతాడు. అర్థం కానివన్నీ పిల్లలు మధ్యాహ్నాలు క్యాంటీన్ బల్ల చుట్టూ చేరి ఒకరికొకరు చెప్పుకున్నారు. అక్కడ బాగా చెప్పేది లీడరే. మేడమ్ చెప్పినట్టే, నిదానంగా, ఉదాహరణ మీద ఉదాహరణ. ఆ మధ్యాహ్నాలు పిచ్చుకకి అకౌంట్స్ చదివే వేళను మింగేశాయి. ఫలితాలు వచ్చినప్పుడు స్టాటిస్టిక్స్‌లో మంచి మార్కులే వచ్చాయి, అకౌంట్స్ పోయింది. ఆ సంగతి ఫోన్లో చెప్తే నాన్న, "పోతే పోయిందిలే, ఏడింట్లో ఆరు గట్టెక్కావు," అన్నాడు. లీడరుకి స్టాటిస్టిక్స్‌లో క్లాసులోకెల్లా ఎక్కువ వచ్చాయి. ఈ సంగతి మేడమ్‌కి చెప్పాలి అన్నాడు పిచ్చుకతో.

ఒక సెలవు రోజు సాయంత్రం పిచ్చుక, లీడరు ఇద్దరూ మేడమ్ ఇంటికి వెళ్లారు. మూడో అంతస్తులో చిన్న ఇల్లు. తలుపు తీసిన భర్త, "ఇవాళ కాస్త తేటగానే ఉంది, రండి," అన్నాడు. మేడమ్ కిటికీ పక్కన కూర్చుని ఉంది. పిచ్చుకని చూసి నవ్వింది. పేరు మాత్రం రాలేదు. లీడరు మార్కులు చెప్తే, "ఎంత? ఇంకోసారి చెప్పు," అని రెండుసార్లు చెప్పించుకుని మురిసిపోయింది.

కిటికీ బయట వెలుగు తగ్గుతోంది. లీడరు చేతి గడియారం చూసుకున్నాడు. ఊరి చివరి హాస్టల్‌కి బస్సు వేళయింది. ఇద్దరూ లేవబోతుంటే మేడమ్ పిచ్చుక చెయ్యి పట్టుకుంది.

"ఈ వేళప్పుడే నాకు భయమేస్తుంది," అంది చిన్నగా, భర్తకి వినపడకుండా. "చీకటి పడుతుంటే, ఇది ఎవరిల్లో అనిపిస్తుంది."

పిచ్చుక లీడరు వైపు చూసింది. అతను అప్పటికే కుర్చీ మేడమ్‌కి దగ్గరగా జరుపుకుంటున్నాడు.

"ఇది మీ ఇల్లే మేడమ్," అన్నాడు. "మేం తర్వాతి బస్సుకి వెళ్తాంలే."

భర్త లేచి లైటు వేశాడు. నలుగురూ కూర్చుని కింద వీధిలో పోయే బస్సు చప్పుడు విన్నారు.