రెండో సంతకం

మా ప్రకృతి పరిశీలన సంఘంలో నలభై మంది సభ్యులున్నారు. ప్రకృతి దగ్గరికి వెళ్ళేది మాత్రం నేనొక్కదాన్నే. మిగతావాళ్ళు నెలకోసారి ఫ్యాను కింద కూర్చుని దాన్ని ప్రేమిస్తారు.

అధ్యక్షుడు మా పెదనాన్న, రిటైరైన పళ్ళ డాక్టరు. కార్యదర్శిని అందరూ స్టాంపులాయన అంటారు. సంఘం రబ్బరు స్టాంపు ఎప్పుడూ ఆయన చొక్కా జేబులోనే ఉంటుంది. రిజిస్టరు రాసే పని నాది. చేతిరాత గుండ్రంగా ఉంటుందని నాకు అంటగట్టారు.

ఆ రిజిస్టరుకో నియమం ఉంది. ఏ ప్రాణినైనా ఇద్దరు సభ్యులు కళ్ళతో చూసి సంతకం పెట్టాలి. వాళ్ళలో ఒకరు అధ్యక్షుడో కార్యదర్శో అయి ఉండాలి. ఒకప్పుడు స్టాంపులాయన ఎవరూ చూడని కొత్త రకం చిలకను కనిపెట్టానని రాసి స్టాంపు కొట్టేశాడు. మర్నాడు జనం చూడ్డానికి వస్తే, ఆ చిలక కొమ్మ మీంచి "ఎవరూ, వస్తున్నా ఉండండి" అంది. పక్కింటివాళ్ళ పంజరంలోంచి తప్పించుకొచ్చిందట. నియమం ఆ రోజే పుట్టింది.

ఈ ఏడాది బస్సు డిపో వెనక కుంటలో బుడుబుంగ గూడు పెట్టింది. పావురం కన్నా చిన్న పక్షి, నల్లగా గుండ్రంగా ఉంటుంది. ఒక చోట మునిగి ఇంకో చోట తేలుతుంది. నాచూ తుంగా పోగేసి నీళ్ళ మీదే గూడు కడుతుంది. గుడ్లు నాలుగు. పన్నెండు రోజులుగా పనికి వెళ్ళేముందు చూస్తున్నాను. పన్నెండో రోజున గట్టు మీద బోర్డు లేచింది. శనివారం నుంచి కుంట పూడ్చి బళ్ళు నిలిపే స్థలం చేస్తారట.

మునిసిపల్ ఆఫీసుకు వెళ్ళి అడిగాను. సంఘం రిజిస్టరులో గూడు నమోదై ఉంటే పిల్లలు బయటికొచ్చేదాకా పని ఆపొచ్చని, శుక్రవారం సాయంత్రంలోగా నకలు తెమ్మని అక్కడి గుమాస్తా చెప్పాడు.

నా సంతకం ఉంది. రెండోది కావాలి.

ఆ సాయంత్రమే మీటింగు. అధ్యక్షుడో కార్యదర్శో ఒక్కరు ఇరవై నిమిషాలు వస్తే చాలన్నాను. పెదనాన్నకు ఎండ పడదట. స్టాంపులాయనకు బురద పడదట. తర్వాత గంటన్నరసేపు సంఘం టోపీలు ఆకుపచ్చగా ఉండాలా మట్టిరంగులో ఉండాలా అన్నదాని మీద పోట్లాడుకున్నారు. చివరికి శుక్రవారం ఉదయం అందరూ కలిసి, బ్యానరుతో, ఫొటోగ్రాఫరుతో వెళ్దామని తీర్మానించారు.

పదకొండు మంది వచ్చారు. గట్టు దగ్గర మెల్లగా నడవమని బతిమాలాను.

"మాకు నేర్పుతున్నావా అమ్మాయ్?" అన్నాడు పెదనాన్న. "నువ్వు పుట్టకముందు నుంచీ ప్రకృతి ప్రేమికుణ్ణి నేను."

ఆ గొంతుకే పక్షి లేచింది. ముక్కుతో నాలుగు పోచలు గుడ్ల మీదికి లాగి, చప్పుడు కాకుండా నీళ్ళలోకి జారిపోయింది. ఎవరూ చూడలేదు. పైకి కనిపించేది నాచు కుప్ప ఒక్కటే.

"ఇదిగో, ఇంత చెత్త పేరుకుంటే పక్షులెక్కణ్ణుంచి వస్తాయి?" అన్నాడు స్టాంపులాయన, గూడునే చూపిస్తూ. చెత్త తీస్తున్నట్టు ఒక ఫొటో ఉంటే బాగుంటుందని ఫొటోగ్రాఫరు అన్నాడు. స్టాంపులాయన బ్యానరు కర్ర ఊడదీసి గూటి వైపు చాపాడు.

"అదిగో," అన్నాడు పెదనాన్న.

ఫొటోల కోసం కళ్ళజోడు జేబులో పెట్టుకున్నాడాయన. వేలు అవతలి ఒడ్డు వైపు ఉంది. అక్కడ సగం మునిగిన పాత ఫుట్‌బాలు. నల్లగా, గుండ్రంగా.

"కర్ర దించండి బాబాయిగారూ," అన్నాను. "కదిపితే పక్షి మళ్ళీ రాదు."

అందులో అబద్ధమేమీ లేదు. కర్ర దిగింది. అందరూ ఫుట్‌బాలు వైపు తిరిగి ఊపిరి బిగబట్టారు. ఒకావిడ దాని మెడ ఎంత అందంగా ఉందో అంది.

రిజిస్టరు తెరిచి పట్టుకున్నాను. తుంగ పక్కన గూడు, గుడ్లు నాలుగు అని ముందే రాసి ఉంచాను. ఒక గడి ఖాళీగా ఉంది. పక్షి ఏం చేస్తోందో రాయాలి.

"కదలకుండా కూర్చుందని రాయి," అన్నాడు పెదనాన్న. "ఏం ఓర్పమ్మా దానిది."

పన్నెండు రోజులుగా నేను చూసిందీ అదే కాబట్టి అలాగే రాశాను. ఆయన చదవకుండా సంతకం పెట్టాడు. స్టాంపులాయన దాని మీద రెండుసార్లు గుద్దాడు. సాయంత్రం నాలుగింటికి నకలు గుమాస్తా చేతిలో పెట్టాను. శనివారం లారీలు రాలేదు.

ఆ ఉదయం తీసిన ఒక ఫొటోను పెద్దది చేయించి సంఘం గదిలో గోడకు తగిలించారు. పెదనాన్న వేలు, వేలి చివర ఫుట్‌బాలు, కింద "అధ్యక్షులవారి అరుదైన పరిశీలన". వచ్చినవాళ్ళంతా దగ్గరికెళ్ళి చూసి తలలూపుతున్నారు.

బుధవారం ఉదయం నాలుగు పిల్లలూ తల్లి వీపు మీద కూర్చుని కుంటంతా తిరిగాయి. అది రిజిస్టరులో లేదు. చూసింది నేనొక్కదాన్నే.