నాలుగు కంప్యూటర్లు, ఒక్క యమున

షాపులకి లెక్కల సాఫ్ట్‌వేర్ ఎక్కించి ఇవ్వడం నా పని. విజయనగరం నుంచి ఒడిశా బోర్డరు దాకా ఇరవై రెండు షాపులు నా చేతిలో ఉన్నాయి. ఎక్కడైనా మొదటి రోజు ఒకటే చెప్తాను: ఎవరి పేరు వాళ్లదే, ఎవరి పాస్‌వర్డు వాళ్లదే, ఏ బిల్లు ఎవరు కొట్టారో రేపు తేల్చడానికి ఇదొక్కటే దారి. అందరూ తలూపుతారు. వారం తిరిగేసరికి పాస్‌వర్డు కాగితం మీద రాసి మోనిటరుకి అంటించేస్తారు. వీళ్లకి చెప్పే కంటే గోడకి చెప్పడం నయం.

పాతపట్నంలో నరసింగరావుగారి విత్తనాల కొట్టుది ఇంకో తంతు. మే నెలలో అక్కడ నాలుగు కంప్యూటర్లు కలిపాను. ముందు కౌంటర్లో రెండు, గొడౌన్లో ఒకటి, ఆయన బల్ల మీద ఒకటి. కౌంటర్లో గణపతిరావూ, యమునా, గొడౌన్లో ఆయన కొడుకూ కూర్చుంటారు. యమునది ఏటవతలి ఊరు. ఎనిమిదేళ్లుగా అక్కడే పని. ఆ పిల్ల చేతికి చుట్టుపక్కల పెద్ద పేరు. యమున ఇచ్చిన విత్తనం తప్పదని, గింజకి గింజా మొలుస్తుందని రైతుల నమ్మకం. బస్తా ఎవరు మోసినా, ఆమె చేత్తో ఒక గుప్పెడు కండువాలో పోయించుకుంటే గానీ కదలరు.

కొత్త బిల్లు అడుగున అది కొట్టిన మనిషి పేరు అచ్చవుతుంది. మొదటి రోజే ఒక ముసలాయన బిల్లు ఎవరి చేతో చదివించుకుని వెనక్కొచ్చాడు.

"ఇదేటి, గణపతిరావని ఉన్నాదంట? యమున పేరున్న కాయితం ఇయ్యండి. లేపోతే ఈ ఇత్తనం నాకొద్దు."

అతని వెనకున్న ఇద్దరూ అదే పాట అందుకున్నారు. నరసింగరావుగారికి బుర్ర వెలిగింది.

"తిరుమల్రావూ, నాలుగింటికీ యమున పేరే పెట్టీ. పాస్‌వర్డూ ఒకటే."

"అలా చేస్తే మిషను లెక్కలో మీ నలుగురూ ఒకరే అయిపోతారండీ. రేపేదైనా జరిగితే..."

"ఏటి జరుగుతాది? జనం అడిగింది ఇస్తన్నాం, అంతే."

యమున నవ్వుతోంది. లోపల గర్వంగా కూడా ఉంది, పాపం. "పెట్టీండి సారూ, నా పేరే కదా," అంది. పెట్టేశాను. గట్టిగా కాదంటే కొట్టు చెయ్యి జారిపోతుందని భయం నాకు.

జూన్ మొదట్లో గొడౌన్ ప్రింటరు మొరాయిస్తే బాగుచెయ్యడానికి వెళ్లాను. నరసింగరావుగారి కొడుకు పృథ్వీరాజ్ కిందటేడు మిగిలిపోయిన సన్నవరి విత్తనాల బస్తాలకి ఈ ఏడాది తేదీతో కొత్త చీటీలు కుట్టిస్తున్నాడు. అక్కడే కూర్చుని యమున పేరుతో బిల్లులు కొడుతున్నాడు. కళ్లారా చూశాను. నాకెందుకులే అనుకుని వచ్చేశాను.

నెల తిరగకుండా నారుమళ్లు పోయాయి. గింజ మడిలోనే కుళ్లిపోయింది. మూడు ఊళ్ల జనం కొట్టు మీదికొచ్చారు, వెనకే వ్యవసాయ శాఖ ఆఫీసరు వచ్చాడు. రైతుల చేతుల్లో నూట పధ్నాలుగు బిల్లులు. అన్నిటి అడుగునా యమునే.

నన్ను పిలిపించారు. నరసింగరావుగారు నా ఎదురుగానే ఆఫీసరుతో అన్నారు: "నాకేటి తెలుసండీ? నమ్మి కౌంటరు అప్పజెప్పినాను. ఎవలమ్మినారో మిసనే సెప్తాది."

ఆఫీసరు నావైపు తిరిగాడు. "ఒక్కొక్కరికి ఒక్కో పేరు పెట్టే ఇచ్చావా?"

యమున నా మొహంలోకే చూస్తోంది. ఉన్నది ఉన్నట్టు చెప్తానని ఆ పిల్లకి అనుమానమే లేదు. చెప్తే తప్పు నాదవుతుంది. నా షాపుల్లో ఆరు నరసింగరావుగారి బంధువులవే.

"పెట్టే ఇచ్చానండి," అన్నాను. అదే మాట కాగితం మీద రాసి సంతకం చేశాను. యమున ఏదో చెప్పబోయేలోగా ఆఫీసరు ఆ కాగితం ఫైల్లో పెట్టేసుకున్నాడు.

కొట్టుకి నెల్లాళ్లు తాళం పడి మళ్లీ తెరుచుకుంది. యమునకి ఉద్యోగం పోయింది, కేసు మిగిలింది. నాట్లకి ఆమెని ఎవరూ పిలవలేదని, ఆమె ముట్టుకున్న నారు బతకదంటున్నారని గణపతిరావు చెప్పాడు. నాకు అన్నం సహించడం మానేసింది. సెప్టెంబరులో ఒకరోజు పొద్దున్నే ఏరు దాటి వాళ్ల ఊరు వెళ్లాను.

యమున తండ్రి అసిరయ్య అరుగు మీద తాడు పేనుతున్నాడు. ఆయన మడీ ఆ విత్తనంతోనే పోయింది. నిలబడే చెప్పేశాను. ఆ బిల్లులు మీ అమ్మాయి కొట్టలేదు, నాలుగింటికీ ఆ పేరు పెట్టింది నేను, కొట్టింది పృథ్వీరాజ్ అని.

ఆయన తలెత్తలేదు. "కాయితమ్మీద ఒకటి రాసినావు. మా గుమ్మంలో ఒకటి సెప్తన్నావు. దేన్ని నమ్మమంటావు బాబూ?"

యమున మంచినీళ్లు తెచ్చింది. సగానికి సగం అయిపోయింది మనిషి. గ్లాసు నా చేతికివ్వకుండా అరుగు మీద పెట్టింది.

"మా నాన్న నా సేతి కూడు తినడం మానేసి రెండు నెల్లయినాది సారూ. ఊరు ఏటన్నా పడతాను, ఇది పడలేకపోతన్నాను. ఆఫీసరుకాడికొచ్చి ఈ మాటే సెప్తారా?"

నా కళ్లముందు ఇరవై రెండు షాపులూ తిరిగాయి.

"చూద్దాం యమునా," అన్నాను.

అప్పుడు తలెత్తాడు అసిరయ్య. నన్ను పైనుంచి కిందదాకా తేరిపార చూశాడు. సిగ్గుతో చచ్చిపోయాను. తర్వాత తాడు పక్కన పడేసి కూతురి వైపు తిరిగాడు.

"ఈడు ఆఫీసరు ముందూ ఇలాగే నీళ్లు నమిలి, జడిసి అబద్దం రాసుంటాడు. నీ తప్పేటీ లేదమ్మా. కూడెట్టు, తింతాను."

యమున చెంగు నోట్లో కుక్కుకుని లోపలికి పరిగెత్తింది. నన్ను కూర్చోమన్నవాళ్లూ లేరు, వెళ్లమన్నవాళ్లూ లేరు. నా అంతట నేనే మెట్లు దిగాను.

కేసు వాయిదా వచ్చే నెల. ఆఫీసరు దగ్గరికి నేనింకా వెళ్లలేదు.