పేరు రాయని గడి

శుభవార్త వచ్చినప్పుడు బెగిమాయ్ బల్ల కింద బోర్లా పడుకుని, ప్రింటర్ తీగ ఏ కన్నంలోకి పోతోందో వెతుకుతోంది. ఫోన్‌లో అత్తగారు. ఆదివారానికల్లా కనుమ మీద మంచు పడుతుందట. దారి మూసేస్తే మళ్లీ వసంతం దాకా తెరవరట. అందుకని కజర్మాన్ నుంచి బెగిమాయ్ వాళ్లమ్మ ఫోన్ చేసి, వచ్చే వారం పిలుద్దామనుకున్నది రేపే వచ్చేయమందట.

"గొర్రె సంగతి మేం చూసుకుంటాం. నువ్వు సెలవు సంగతి చూసుకో," అని అత్తగారు పెట్టేసింది.

పెళ్లయి నాలుగు నెలలైంది. పుట్టింటివాళ్లు పద్ధతిగా పిలిచేదాకా కొత్త కోడలు ఆ గడప తొక్కకూడదు. పిలిచాక అత్తింటివాళ్లు గొర్రెతో, గంపెడు రొట్టెలతో వెంటబెట్టుకుని తీసుకెళ్తారు. ఆ పిలుపు రేపటికి వచ్చింది. బెగిమాయ్ బల్ల కింద దుమ్ములో అలాగే పడుకుని, ముఖం మీదికి వేలాడుతున్న సాలెగూడును చూసి కూడా నవ్వింది. ఆ తర్వాత పైన సొనున్ ఎజె నిట్టూర్పు వినబడింది.

"మళ్లీ పడిపోయిందమ్మా."

పశువైద్య కేంద్రంలో అది అక్టోబరు చివరి శుక్రవారం. కొండ మీది మేత నుంచి మందలు దిగి వచ్చేశాయి. ఆదివారం సంతలో అమ్ముకోవాలంటే ప్రతి పశువుకీ యజమాని పేరుతో ధ్రువపత్రం ఉండాలి. పత్రాలిచ్చే కిటికీలు రెండు. ఒకదాని వెనక బెగిమాయ్, రెండో దాని వెనక ముప్పై ఏళ్లుగా సొనున్ ఎజె. అక్కలాంటిది కాబట్టి ఊరంతా ఆమెను ఎజె అనే పిలుస్తారు. సెప్టెంబరులో కొత్త ప్రోగ్రామ్ వచ్చినప్పటి నుంచి రోజుకు నాలుగైదు సార్లు తెర తెల్లబడుతోంది, ప్రోగ్రామ్ మాయమవుతోంది. అది ఎక్కువగా సొనున్ ఎజె దగ్గరే జరుగుతోంది. ఆమె చెయ్యి మంచిది కాదని వరసలోని కాపరులు గొణుక్కునేవారు. ఆమె విననట్టు ఉండేది.

సెలవు అడగడానికి వెళ్తే కేంద్రం పెద్దాయన సదిర్బెక్, అన్నలాంటివాడని అందరూ బైకె అనే ఆయన, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకున్నాడు. రేపు మూడు వందల మంది వస్తారని, కంప్యూటర్ తెలిసింది ఆమె ఒక్కతికేనని గుర్తు చేశాడు. రాజధాని బిష్కెక్‌లో ఆ ప్రోగ్రామ్ చేసినవాళ్లు, మీ దగ్గర్నుంచి కూలినట్టు ఒక్క నివేదికా మాకు రాలేదు, తప్పు మీ మనుషులదే అయ్యుంటుంది అని రాసిన ఉత్తరాన్ని ఆమె ముందు పెట్టాడు.

"ఐదింటిలోపు దీన్ని ఆపు, వెళ్లు. తప్పు ఎవరిదో రాసి సంతకం పెట్టు. ఆగకపోతే మీ అమ్మకి నేనే ఫోన్ చేసి క్షమాపణ అడుగుతాను."

బెగిమాయ్ వెనక్కి వచ్చి సొనున్ ఎజె కంప్యూటర్ ముందు కూర్చుంది. ప్రమాదం జరిగిన చోట పంచనామా రాసేవాడు ఒకడుంటాడు కదా, విండోస్‌లోనూ అలాంటిది ఒకటుంటుంది. ఏదైనా ప్రోగ్రామ్ కూలగానే అది లేచి వచ్చి, ఏది పడింది, ఎన్ని గంటలకు, ఏ ముక్క దగ్గర అని రాసుకుంటుంది. రాసింది పంపాలా వద్దా అని మనల్ని అడుగుతుంది. ఇక్కడ అది అసలు లేవడమే లేదు. ఎవరో దాన్ని పూర్తిగా ఆపేశారు.

అడిగితే సొనున్ ఎజె టీ కప్పులోకి చూస్తూ జవాబు చెప్పింది. సెప్టెంబరులో ఆ ప్రశ్న పెట్టె మాటిమాటికీ వచ్చేదట. దాన్ని పట్టించుకోకపోతే ఒకదాని వెనక ఒకటి పేరుకుపోయి కంప్యూటర్ నత్తలా నడిచేదట. జిల్లా నుంచి వచ్చిన మెకానిక్‌ను తనే బతిమాలి ఆపించిందట. "ఇక్కడ పడ్డది బిష్కెక్ దాకా చెప్పుకోవడం సిగ్గు కదమ్మా," అంది.

సిగ్గు. ఈ ఊళ్లో సగం పనులు ఆగేది ఆ మాట దగ్గరే. బెగిమాయ్ పంచనామా రాసేదాన్ని రెండు కంప్యూటర్లలోనూ మళ్లీ లేపింది. రాసిన కాగితాలన్నీ ఇక్కడే ఒక ఫోల్డర్‌లో పడేటట్టు, అడగకుండా ఏదీ బయటికి పోకుండా సర్దింది. ఇక ప్రోగ్రామ్ కూలడమే తరువాయి.

కావాలనుకున్నప్పుడు అది కూలలేదు. గంటన్నర బుద్ధిగా పనిచేసింది. తర్వాత పన్నెండుంపావుకు ఒకసారి, ఒంటి గంట దాటాక మరోసారి, రెండూ సొనున్ ఎజె కిటికీలోనే పడ్డాయి. రెండుసార్లూ ఆమె అలవాటు కొద్దీ పెట్టెను గభాల్న మూసేసింది, కానీ ఈసారి కాగితాలు ఫోల్డర్‌లో మిగిలాయి. బెగిమాయ్ విప్పి చూసింది. రెంటిలోనూ ఒకే ముక్క పేరుంది. పత్రాన్ని ముద్రణకు సిద్ధం చేసే ముక్క అది.

ముద్రణ అనగానే ఆమె ప్రింటర్ మీద పడింది. తీగ మార్చింది. రెండు ప్రింటర్లనూ అటుదిటు చేసింది. ప్రింటర్ నడిపే సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేసింది. వరసలో గొర్రెతోలు చలికోట్ల వాసన, తడి ఉన్ని వాసన, బయట ఎవరిదో గాడిద ఆగకుండా అరుపు. నడుం నొప్పి పుట్టింది. తెచ్చుకున్న రొట్టె సంచిలోనే ఎండిపోయింది. మూడు గంటలకు ఆమె చేతుల్లో నల్లటి ఇంకు తప్ప ఏమీ మిగల్లేదు.

అప్పుడు ఆమె భర్త ఎర్మెక్ వచ్చాడు. కిటికీ అవతల, వరసలో, మిగతా కాపరుల్లాగే నిలబడి, పక్కన తాడు కట్టిన నల్ల ముఖం గొర్రెతో. అతని వంతు వచ్చేసరికి ముఖం గంభీరంగా పెట్టుకుని, "పత్రం కావాలండి, జిల్లా దాటాలి," అన్నాడు. కిటికీ కింది సందులోంచి పత్రాలకు బదులు గుప్పెడు ఒలిచిన వాల్‌నట్లు లోపలికి తోశాడు. కోటు జేబులో ఉండడం వల్ల అవి వెచ్చగా ఉన్నాయి. వెనకాల ముసలాయన దగ్గాడు. బెగిమాయ్ ఒకటి నోట్లో వేసుకుని, పొద్దుటి నుంచి మొదటిసారి అలసట కాసేపు మరిచిపోయి, పత్రం తెరిచింది.

జాతి, గొర్రె. వయసు, రెండేళ్లు. చెవి నంబరు. ఊరు. యజమాని పేరు.

వేళ్లు ఆగిపోయాయి. గొర్రె మామగారిది. కోడలు మామగారి పేరు పలకదు, రాయదు. నాలుగు నెలల్లో ఆమె ఆ పేరును ఒక్కసారీ నోటికి రానివ్వలేదు. ఎర్మెక్‌ను రాయమందామనుకుంది, కానీ అతను అద్దం అవతల ఉన్నాడు, వెనకాల నలభై మంది. పత్రం వచ్చాక పేరు అతనే పెన్నుతో రాసుకుంటాడులే అనుకుని, ఆ గడిలో ఒక ఖాళీ కొట్టి, ముద్రించు మీట నొక్కింది.

తెర తెల్లబడింది. ప్రోగ్రామ్ మాయమైంది. ప్రశ్న పెట్టె నెమ్మదిగా లేచి వచ్చింది.

బెగిమాయ్ దాన్ని మూయలేదు. ఫోల్డర్ తెరిచి మూడో కాగితాన్ని ముందరి రెంటి పక్కన పెట్టి చూసింది. అదే ముక్క, అందులో అదే చోటు. వచ్చినవాళ్లను రాసుకునే చేతిరాత చిట్టా లాగి, ఆ రెండు వేళల్లోనూ సొనున్ ఎజె కిటికీ దగ్గర ఎవరున్నారో చూసింది. ఇద్దరిదీ తాష్‌బులాక్. సొనున్ ఎజె అత్తింటి ఊరు అదే. అక్కడ సగం మంది ఆమెకు మామలూ బావగార్లూ, వాళ్ల పేర్లూ కోడలు పలకకూడనివే.

కిటికీకి పది నిమిషాలు విరామం అని బోర్డు తిప్పి, బెగిమాయ్ పక్క కుర్చీలో కూర్చుంది. తన ముందు ఏం జరిగిందో చెప్పింది. సొనున్ ఎజె టీ కప్పు పక్కకు జరిపింది.

"పాతదాంట్లో ఖాళీగా వదిలినా పత్రం వచ్చేది," అంది. "వాళ్లే పెన్నుతో రాసుకునేవాళ్లు. ఇది పడిపోతుంటే నాకు రెండో వారంలోనే అర్థమైంది. ఎవరికి చెప్పను? యాభై నాలుగేళ్ల దాన్ని, మామగారి పేరు రాయలేక ప్రభుత్వం పని ఆపానని చెప్పనా?"

"నాకు చెప్పాల్సింది, ఎజె."

"నువ్వు చదువుకున్నదానివి, నవ్వుతావనుకున్నాను. నిన్నగాక మొన్న వచ్చిన కోడలివి, నువ్వూ వదిలేశావా." ఆమె ముఖం మీద నవ్వులాంటిది కదిలి ఆగింది. "ఆ కాగితాల్లో నా పేరుందా?"

ఉన్నదున్నట్టు చెప్పింది బెగిమాయ్. చిన్న కాగితంలో ప్రోగ్రామ్ పేరు, వేళ, పడిన చోటు మాత్రమే ఉంటాయి. పెద్దదాంట్లో ఆ క్షణాన తెర మీదున్నదంతా చిక్కుకుని ఉండొచ్చు, పశువుల యజమానుల వివరాలతో సహా. చిన్నది పంపుతాను, పెద్దది ఇక్కడే చెరిపేస్తాను అంది. సొనున్ ఎజె తల ఊపింది.

మిగతా పని గంటన్నర పట్టింది. పాత ప్రోగ్రామ్‌లో యజమానుల జాబితా, ఒక్కొక్కరి గుర్తింపు నంబరుతో సహా, అలాగే ఉంది. దాన్ని కొత్తదాంట్లోకి ఎక్కించింది. ఇప్పుడు నంబరు కొడితే చాలు, పేరు దానంతటదే గడిలో వచ్చి కూర్చుంటుంది. మామగారి నంబరు కొట్టింది. పేరు వచ్చింది. ఆమె చూపు కాస్త పక్కకు తిప్పుకుని ముద్రించు మీట నొక్కింది. ప్రింటర్ మూలిగి కాగితం కక్కింది.

ఐదింటికి ఇంకా ఎనిమిది నిమిషాలుండగా సదిర్బెక్ బైకె ముందు కాగితం పెట్టింది. పేరు గడి ఖాళీగా ఉంటే ముద్రించే ముక్క కూలుతోంది, ప్రోగ్రామ్ చేసినవాళ్లు దాన్ని సరిచేయాలి, అప్పటిదాకా నంబరుతో పని జరుగుతుంది అని అందులో రాసింది.

"ఖాళీగా వదిలింది ఎవరు?"

"నేను, బైకె. మా మామగారి గొర్రెకి."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆయనకీ ముగ్గురు కోడళ్లున్నారు. ఒక్కరూ ఆయన పేరు పలికి ఎరగరు. పొద్దుటి నుంచీ పడింది పక్క కిటికీలో కదా అని అడగబోయి, ఆపి, సెలవు కాగితం మీద సంతకం పెట్టాడు.

బయట చలి ముదిరింది. ఎర్మెక్ గొర్రెను వ్యాన్‌లోకి ఎక్కిస్తున్నాడు. సొనున్ ఎజె శాలువా తల మీదుగా లాక్కుని మెట్ల దాకా వెంట వచ్చింది. బెగిమాయ్‌కి నిలబడే నిద్ర వస్తోంది.

"మీరంతా రేపు ఆరింటికల్లా బయల్దేరండి, మధ్యాహ్నం దాటితే పైన గాలి," అంది సొనున్ ఎజె. "నేనూ ఆరింటికే వచ్చి రెండు కిటికీలూ తెరుస్తాను. బైకె రాగానే ముందు ఆయన గదిలోకి వెళ్లి, సెప్టెంబరు నుంచీ వదిలింది నేనేనని చెప్పి, ఆ తర్వాతే కాపరులను పిలుస్తాను."