వెయ్యి మీటర్ల లోతున సుడి

మా వదిన, ఇంట్లో అయితే అన్నయ్య భార్య, ఓడ మీద నా పైఅధికారి. ఓడెక్కాక మేడమ్ అనకపోతే ఉలకదు, పలకదు. ఆ మధ్యాహ్నం మాత్రం నాకు అధికారులూ మర్యాదలూ గుర్తు రాలేదు.

"వదినా, ఇలా రా! తొందరగా!" అని కేకేశాను.

ఓడ పక్కనుంచి ఉక్కుతీగకు కట్టి సముద్రంలోకి దింపిన పరికరం లోతుతోపాటు నీళ్ళ వేడినీ ఉప్పునూ, అవి ఎటు పారుతున్నాయో కూడా కొలిచి పైకి పంపుతోంది. లాబ్‌లో తెర మీద వేడికొకటి, ఉప్పుకొకటి రెండు గీతలు దిగుతున్నాయి. లోతుకు పోయేకొద్దీ నీళ్ళు చల్లబడాలి. తొమ్మిది వందల మీటర్ల దాకా బుద్ధిగా చల్లబడ్డాయి కూడా. అక్కడ ఉన్నట్టుండి రెండు గీతలూ కుడివైపుకు గెంతాయి. అంత లోతున వెచ్చని ఉప్పు నీళ్ళకేం పని? ఎక్కడో దూరాన జలసంధి దాటి బయటికొచ్చిన వెచ్చని సముద్రపు నీళ్ళతో పుట్టి, ఆ నీళ్ళను పొరుగు నీళ్ళతో కలవనీయకుండా, గిర్రున తిరుగుతూ ఇంత దూరం మోసుకొచ్చిన సుడి అది! పైన అలల మీద దాని జాడే కనబడదు. అలాంటిది ఇటు వస్తుందని నేను, రానే రాదని వదిన, రెండేళ్ళుగా మా ఇద్దరికీ ఇదే తగువు.

వదిన తెర వంక చూసి పెదవి విరిచింది.

"జెల్లీ చేప ముక్కేదో ఉప్పు కొలిచే గొట్టంలో ఇరుక్కుంది. పైకి లాగి, కడిగి, మళ్ళీ దింపించు."

లెక్క అడ్డదిడ్డంగా వస్తే ముందు గొట్టం కడగడం మా వాళ్ళకు వేదవాక్కు. లాగారు, కడిగారు, దింపారు. ఈసారి రెండు గీతలూ నున్నగా అడుగుకు దిగాయి. గెంతూ లేదు, గింతూ లేదు.

"చూశావా?" అంది వదిన. నాకు ఏడుపొక్కటే తక్కువ.

ఓడలో ఒక్కటే ఫ్లోట్ మిగిలింది. మనిషి ఎత్తు గొట్టం. నీళ్ళలో వదిలితే చెప్పిన లోతుకు దిగి, అక్కడి నీళ్ళు ఎటు తీసుకుపోతే అటు పోయి, అప్పుడప్పుడూ పైకి తేలి తానెక్కడుందో కబురు పంపుతుంది. సుడి నడుమ పడితే నెలల తరబడి దాంతోపాటే తిరుగుతుంది. బయట పడితే దాని దారి దానిదే, నా సుడి ఉందని చెప్పే సాక్షి ఉండదు. సాయంత్రానికి గాలివాన. చీకటి పడకముందే ఓడ తిప్పేస్తానని కెప్టెన్ అప్పటికే చెప్పేశాడు.

"ఫ్లోట్ ఇక్కడే వదిలేద్దాం," అంది వదిన.

నాకు ఒళ్ళు మండింది. మొదటి గీతల్ని మళ్ళీ తెర మీదికి లాగాను.

"జెల్లీ చేప గొట్టానికి అడ్డం పడిందే అనుకో. థర్మామీటర్ కింద పొయ్యి కూడా వెలిగించిందా? వేడి ఎందుకు పెరిగినట్టు?"

వదిన తెర మీదికి వంగింది. "మరి రెండోసారి ఏమైంది?"

ఆ ప్రశ్న ఇద్దరికీ ఒకేసారి తగిలింది. వదిన గబుక్కున ఫోనెత్తి, ఓడ ఏమైనా కదిలిందా అని కెప్టెన్‌ను అడిగింది.

"మీరు గొట్టం కడుగుతున్నారు కదాని ఇంజన్ ఆపాం మేడమ్. గాలికి నాలుగు మైళ్ళు పడమటికి కొట్టుకొచ్చాం."

అంటే మేము గొట్టం తోముకుంటూ సుడిలోంచి బయటికొచ్చేశాం! నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు.

"అయితే మొదటిచోటికే పోదాం," అంది వదిన.

"అది అంచు వదినా. అక్కడ పడేస్తే జారిపోతుంది. ఇదిగో, మొదటిచోట ఆ లోతులో నీళ్ళు ఉత్తరానికి పరిగెత్తుతున్నాయి. ఇలాంటి సుడి ఇక్కడ గడియారం ముల్లులా తిరుగుతుంది. నీళ్ళు పోయేవైపు మొహం పెట్టి నిలబడితే నడుమ కుడిచేతికి ఉంటుంది. అంచు దాటి ఇంకా తూర్పుకు పోవాలి."

వదిన తెర వంక ఓసారి, నా వంక ఓసారి చూసింది. తర్వాత ఫోన్లో, "కెప్టెన్ గారూ, తూర్పుకు పోనివ్వండి," అంది.

"ఒక్కసారే దింపుతాను మేడమ్. దొరికినా దొరక్కపోయినా తిరుగుముఖమే."

అక్కడికి చేరేసరికి ఓడ ఊగిపోతోంది. బల్లను పట్టుకుని ఇద్దరం తెరకు అతుక్కుపోయాం. అయిదు వందలు. ఆరు వందలు. ఏమీ లేదు. ఏడు వందల దగ్గర గీతలు రెండూ కుడివైపుకు ఎగిరాయి, కిందికి దిగుతున్నా వెనక్కి రావే! నడుమ సుడి ఎంత మందమో!

"ఇదేనే! ఇదే!" అని వదిన నా జబ్బ మీద ఒక్కటి చరిచింది. ఆ దెబ్బ రెండు రోజులు నొప్పి పెట్టింది.

చినుకులు మొదలవుతుండగా పరికరాన్ని పైకి లాగి, ఫ్లోట్‌ని తాడుతో మెల్లగా దించి వదిలాం. చూస్తుండగానే మునిగిపోయింది.

ఒడ్డుకొచ్చాక కూడా నాకు తిండి సయించలేదు. ఫ్లోట్ కబురు పంపినప్పుడల్లా ఆఫీసు పటం మీద ఒక చుక్క. మొదటి మూడూ ఎటు పోతున్నాయో అంతుపట్టలేదు. నాలుగోది మొదటిదాని పక్కనే పడింది. సుడితోపాటు ఒక చుట్టు తిరిగొచ్చింది! నేను కుర్చీ మీదికెక్కి గెంతాను. కింద అంతస్తువాళ్ళు భూకంపమనుకుని పైకి పరిగెత్తుకొచ్చారు.

వదిన కూడా నవ్వుతూ చప్పట్లు కొట్టింది. కొడుతూ కొడుతూ ఆగిపోయింది.

"ఈ ఉద్యోగంలో చేరినప్పట్నుంచీ గెంతిన ప్రతి గీతకీ గొట్టం కడిగించానే," అంది. "అందులో ఎన్ని సుళ్ళు పోయాయో?"

నేను కుర్చీ దిగాను. పాత ప్రయాణాల గీతలన్నీ ఒక్కొక్కటే తెర మీదికి తేవడం మొదలుపెట్టాను. వదిన నా పక్కకు కుర్చీ లాక్కుని కూర్చుంది.