తలుపు కొయ్యని గది

శనివారం పొద్దున్నే పిల్లలు పాత చెప్పుల డబ్బాలు చంకన పెట్టుకుని మ్యూజియానికి ఎందుకు వెళ్తారో చెప్పండి చూద్దాం? తెలీదా? సరే, తిన్నగా కూర్చుని వినండి.

అమెరికాలో డులూత్ అనే ఊళ్ళో సరస్సు ఒడ్డునున్న మ్యూజియంలో ఆ చలికాలం బుల్లి గదుల ప్రదర్శన పెట్టారు. వేలెడంత కుర్చీలు, బఠాణీ గింజంత గిన్నెలు. అవి చూసొచ్చిన పిల్లల చేత డొలోరెస్ టీచరు డబ్బాల్లో గదులు చేయించేది. ఎవరి ఇల్లు వాళ్ళు చెయ్యాలి. డబ్బాలో ఏం చేస్తే ఇంట్లోనూ అదే అవుతుంది కాబట్టి, గోడలకి రంగు వేసేముందు ఇంట్లో అడిగి రమ్మనేది. ఓ కుర్రాడు అడక్కుండా వంటగదికి ఊదారంగు పూశాడు. వాళ్ళమ్మ ఫోన్ చేసి, "రంగు సరేలెండి, పొయ్యి పక్కన రెండు అరలు కూడా అంటించమనండి," అంది.

పూర్తయిన డబ్బాకి, ప్రదర్శనలోని బుల్లి గదులకి కట్టినట్టే నంబరు చీటీ కట్టి, గాజు బీరువాలో పెట్టి తాళం వేసేవారు. పిల్లల పనే కదా అన్న చిన్నచూపు లేదు. ఆ తాళం మ్యూజియం వస్తువులు చూసుకునే మార్గిట్ దగ్గరుంటుంది. తెల్ల గ్లౌజులు తొడుక్కుని ఆవిడ తియ్యాల్సిందే.

ఐలాకి పదమూడేళ్ళు. తల్లి లేదు. తండ్రి ఆర్వో ఇనుప ఖనిజం మోసే ఓడలో వంటవాడు. మార్చిలో సరస్సు మీద మంచు విడిచి ఓడ కదిలిందంటే మళ్ళీ జనవరికే రావడం. ఆ పది నెలలూ ఐలా హెల్మీ అత్త ఇంట్లో ఉండాలి. అత్త చెడ్డది కాదు. బడి నుంచి రాగానే తలుపుకి గొళ్ళెం పెడుతుంది, అంతే. కిటికీ దగ్గర నిలబడితే, "ఏముందక్కడ?" అంటుంది. నవ్వితే, "ఎందుకు నవ్వావు?" అంటుంది. ఊపిరి కూడా అడిగి పీల్చినట్టుండేది.

ఆ ఏడు ఓడ ఆదివారం మధ్యాహ్నం పన్నెండుకి. ముందురోజు ఐలా తన డబ్బా ముగించింది. వాళ్ళిల్లు మూడో అంతస్తులో ఒక్క గది. మంచం, పొయ్యి, గోరంత కిటికీ. మార్గిట్ దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసి, గడ్డకట్టిన చెరువు మీద చేపలు పట్టడానికి ఊరు దాటి వెళ్ళిపోయింది. ఐలా ఇంటికెళ్ళేసరికి మెట్ల చివర తలుపు లేదు. నున్నటి గోడ.

"నాన్నా!"

"ఇక్కడే ఉన్నానే," అన్నాడు ఆర్వో అవతల్నించి. "తలుపు కొయ్యడం మర్చిపోయావా?"



కిటికీలోంచి దిగొచ్చుగా అంటారా? మంచి ప్రశ్న. గోరంత అని చెప్పానా లేదా? చెయ్యి పడుతుంది, భుజం పట్టదు.

హెల్మీ అత్త వచ్చి గోడ తట్టింది. "రేపు పన్నెండుకి నువ్వు లేకపోతే ఇంకో వంటవాణ్ణి ఎక్కించుకుపోతారు. ఇరవయ్యేళ్ళ ఉద్యోగం! వింటున్నావా?"

"వినక ఎక్కడికి పోతానక్కా?"

కబురంది, ఆదివారం పదకొండుకి మార్గిట్ చేపల కంపుతో, రబ్బరు బూట్లతో మ్యూజియానికి పరుగెత్తుకొచ్చింది. అయినా గ్లౌజులు తొడుక్కునే తాళం తీసింది. డొలోరెస్ టీచరు ఐలా చేతికి కట్టరిచ్చింది. చేసినవాళ్ళే కొయ్యాలి. ఇంకొకరు కోస్తే అది అట్టముక్కకి బెజ్జమే అవుతుంది.

"నేను మర్చిపోలేదు, టీచర్."

"తెలుసు. కిటికీని మూడుసార్లు కొలిచిన పిల్లవి."

"కోస్తే వెళ్ళిపోతాడు."

"వెళ్తాడేమో. కొయ్యకపోతే, నీకు హెల్మీ అత్త దగ్గర ఎలా ఉంటుందో ఆయనకి అక్కడ అలా ఉంటుంది."

 ఐలా స్కేలు పెట్టి గీత గీసి, మూడు వైపులా కోసి, నాలుగో వైపు మడిచింది. పదకొండుంబావు. కోటు కూడా వేసుకోకుండా ఇంటికి పరుగెత్తింది.

మెట్ల చివర తలుపుంది. అత్త అప్పటికే దాన్ని భుజంతో తోస్తోంది. లోపల ఏదో అడ్డుంది, కదలడంలేదు.

"నాన్నా, తలుపు కోశాను!"

"ఆఁ, ఆఁ. వెతుకుతున్నాను."

"వెతకడానికేముందిరా? ఉన్నది నాలుగు గోడలు!" అని అరిచింది అత్త.

"రెండోది చూస్తున్నానక్కా."

పావుగంట గడిచింది. లోపల గరిటె చప్పుడు.

"ఆర్వో! టైము పన్నెండవుతోంది!"

"మూడో గోడ దగ్గరున్నాను. తొందర పెట్టకు."

ఐలా ఇక పిలవలేదు. మెట్టు మీద కూర్చుంది. కాసేపటికి సరస్సు వైపు నుంచి ఓడ కూత వినిపించింది, పొడుగ్గా ఒకటి, పొట్టిగా రెండు. అత్త నెత్తి కొట్టుకుంది. అప్పుడు లోపల ట్రంకుపెట్టె ఈడ్చిన చప్పుడైంది, తలుపు తెరుచుకుంది.

"నాలుగో గోడకుంది," అన్నాడు ఆర్వో, భుజాన తువ్వాలుతో. "రండి, సూపు చల్లారిపోతోంది."

ఆ తర్వాత ఆయన ఐలా బడిలోనే పిల్లలకి వండి పెట్టాడు, చాలా ఏళ్ళు.

ఇంక లేవండి. వాకిట్లో మెట్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతూ సగంలో వచ్చేశాను. పోస్టు తెచ్చే అమ్మాయి జారిపడేలోపు మిగతా సగం చల్లి రావాలి.