వక్కాకు తిత్తి

యల్లక్క చింతకాయ పెంకు రాల్చి, సుత్తితో తట్టి గింజ జార్చి, నార లాగి పండును గంపలోకి విసిరింది. ముప్పై ఏండ్లుగా హిందూపురం మండీలో ఆమె చేతులకు తెలిసిన పని అదొక్కటే. చేతులు తమ పని తాము చేసుకుపోతున్నాయి గాని, నాలుక మాత్రం ఊరుకోవడం లేదు. ఎడమ దవడలో వక్కాకు ముద్ద ఉండే చోటును మాటిమాటికీ తడిమి, ఉత్తదే వెనక్కి వస్తోంది. ఆకు, వక్క, సున్నం పెట్టుకునే తిత్తి మాత్రం అలవాటుగా నడుముకు వేలాడుతోంది. వక్కాకు మానమని డాక్టరు చెప్పి ఇరవై రోజులైంది. పనిలోకి వచ్చింది ఈ పొద్దే.

దగ్గు ఆమెకు కొత్త కాదు. చింతపండు దుమ్మని సరిపెట్టుకునేది. ఉమ్మితే ఎర్రగా పడేది. వక్కాకు నమిలే మనిషి ఉమ్మి ఎర్రగా కాక పచ్చగా పడుతుందా? ఎవరూ పట్టించుకోలేదు, ఆమె అసలే పట్టించుకోలేదు. అయితే శనివారం ఆమెకు కదిరి నరసింహస్వామి ఒక్కపొద్దు. దీపం పెట్టేదాకా ఆకు ముట్టదు. అట్లాంటి ఒక శనివారం ఆమె గోడవారన ఎర్రగా ఉమ్మి వస్తుంటే, పక్కన కూర్చునే రామాంజినమ్మ సుత్తి కింద పెట్టింది.

"అక్కా, ఈ పొద్దు శనివారం గదా?"

ఆ ఒక్క మాట యల్లక్కను బెంగళూరు పెద్దాసుపత్రి దాకా తీసుకుపోయింది.

మధ్యాహ్నం సంగటి మూటలు విప్పుకుని ఆడోళ్లంతా ఆ కథ చెప్పించుకున్నారు. ఎప్పుడో మానిన టీబీ మచ్చ దగ్గర రక్తనాళం ఉబ్బి కారుతోందట. కోత లేదు. గజ్జల దగ్గర సూది పొడిచి, దారమంత గొట్టాన్ని రొమ్ము దాకా పాకించి, ఇసుకకన్నా సన్నని పూసలు పోసి కారేదాన్ని మూసేశారు.

"టీవీలో నా నరాలన్నీ కనపడినాయి. అచ్చం ఇదే," అని యల్లక్క ఒక చింతనార ఎత్తి చూపింది. "మనం పీకి పారేస్తాం. ఆ డాక్టరాయప్ప పీకకుండానే దాంట్లోకి దూరినాడు."

అంతసేపూ ఆమె మాట్లాడుతూనే ఉందట. కదలొద్దమ్మా అని డాక్టరు నాలుగుసార్లు బతిమాలుకున్నాడట. రక్తం నిలిపినాయప్ప నీ నోరు నిలపలేకపోయినాడే అంది రామాంజినమ్మ. అందరికంటే ముందు యల్లక్కే నవ్వింది.

ఆ నవ్వు దగ్గులోకి తిరిగింది. ముద్దలు చేతుల్లోనే ఆగిపోయాయి. మళ్లీ ఎరుపు కనబడితే ఆ దినమే రమ్మన్నాడు డాక్టరు. ఏ ఎరుపు దేనిదో తెలియాలనే ఆకు మానమన్నాడు. యల్లక్క గోడవారకు పోయి ఎండలో ఉమ్మింది గాని, వంగి చూసేకి ధైర్యం చాలలేదు. రామాంజినమ్మ వచ్చి వంగి చాలాసేపు చూసింది.

"తెల్లగుండాదక్కా."

"ముత్యమేమన్నా రాలిందేమో, ఏరుకోండి," అంది యల్లక్క.

సాయంత్రం రామాంజినమ్మ ఆకుకు సున్నం రాస్తుంటే ఆ వాసనకు నోరూరింది. యల్లక్క తిత్తి మూతి విప్పి, లోపలికి చూసి, మళ్లీ బిగించింది. బస్సు వేళకు కొంగు దులుపుకుని లేచి, తిత్తిని గోడ మేకుకు తగిలించి వాకిలి దాటింది.

"అక్కా, తిత్తి మర్చిపోయినావు."

"నాకింక దినామూ శనివారమేలే," అని తిరిగి చూడకుండానే చెప్పి, పెనుకొండ బస్సుకు నడిచింది.

మేకుకు తిత్తి కొంచెంసేపు ఊగి నిలిచింది. దాని మూతి మీద ఆమె బొటనవేలి సున్నం గుర్తు, ఆ పక్కనే అంటుకుని ఒక చింతనార.