ముందే బయలుదేరిన బ్యాగు

శంషాబాద్ నుంచి ముంబైకి విమానంలో గంటన్నర. నరేందర్ ఆ సంగతి నాలుగు రోజులుగా భార్య సుష్మకు చెబుతున్నాడు, ఆ వేగమంతా తన చలవే అన్నట్టు. బోధన్ నుంచి శంషాబాద్ చేరడానికే కారులో అంతకు మూడింతలు పడుతుందని మాత్రం ఈ పొద్దున చాయ్ తాగుతూ మెల్లగా బయటపెట్టాడు.

ముంబైలో ఉన్న సుష్మ చెల్లెలు పుష్పలతకు రేపు తెల్లారగానే గుండె ఆపరేషన్. అక్క మొహం చూడందే లోపలికి పోనని పట్టుబట్టింది. రైలైతే పొద్దెక్కాక గానీ చేరదు.

శుక్రవారం పడమరకు శూల, పోతే కీడని అత్త ముత్తవ్వ అడ్డుపడింది. ముందు పోయేది హైదరాబాద్‌కే కదా, అది పడమర కాదని సుష్మ వాదించింది.

"కారు యాడికన్న పోనీ. ఇమానం పడమరకే గద పొయ్యేది?"

డిగ్రీ చదివిన కోడలు ఫోన్‌లో మ్యాపు చూసి, పడమరేనని ఒప్పుకుంది. చివరికి పాత ఉపాయమే గెలిచింది. నిన్న మంచి ఘడియలో సుష్మ బ్యాగును ఎదురింట్లో పెట్టి వచ్చారు. బ్యాగు గడప దాటితే మనిషి బయలుదేరినట్టే, ఇక శూల అంటదు.

ఇప్పుడు ఆ ఎదురింటికి తాళం. ఆ ఇంటి నాగకుమారి దంపతులు తెల్లవారుజామునే కందకుర్తికి నదీస్నానానికి పోయారు. సుష్మ ఆధార్ కార్డు బ్యాగు జేబులో ఉంది. నరేందర్ కారెక్కి దిగి, మళ్లీ ఎక్కాడు. నాగకుమారి ఫోన్ ఎత్తడం లేదు. సుష్మ వాకిట్లో తిరిగిన తిరుగుడు రోడ్డు మీద తిరిగి ఉంటే ఈపాటికి నిజామాబాద్ వచ్చేది.

ఇంతలో పుష్పలతే ఫోన్ చేసింది. "అక్కా, బయలెల్లినవా?"

"నిన్ననే బయలెల్లిన. ఎదురింటి దాంక వచ్చిన."

సంగతి విని పుష్పలత నవ్వింది. నవ్వు మధ్యలో ఆగిపోయింది. "జల్ది రా అక్కా. భయమైతుంది."

పక్కనే ఉన్న ముత్తవ్వకు ఆ మాట వినిపించింది. లోపలికి వెళ్లి రోకలి తెచ్చి, వాళ్లు ఒప్పుకున్నారా అని కోడలిని అడిగి, ఎదురింటి తాళం మీద ఒక దెబ్బ వేసింది. అప్పుడే నాగకుమారి ఫోన్ ఎత్తింది.

"అయ్యో సుష్మగారూ, తాళంచెవి నా దగ్గరే ఉండిపోయిందండీ. ఆ చప్పుడేంటి?"

"మా అత్తమ్మ. మీరు తాళం పగలగొట్టుమన్నరని చెప్పిన," అంది సుష్మ.

"మరి అన్నానుగా, కానివ్వమనండి," అంది నాగకుమారి.

మూడో దెబ్బకు తాళం ఊడింది. బ్యాగు కారులో పడేసి, ముత్తవ్వ రోకలి ఒళ్లో పెట్టుకుని ఎదురింటి గడప మీద కూర్చుంది. వాళ్లు వచ్చేదాకా ఇంటికి కాపలా తనేనట.

దారి పొడుగునా నరేందర్ గంటన్నర ఊసెత్తలేదు. సుష్మ మాత్రం ప్రతి ఊరి బోర్డూ చదివింది, చదివితే అది తొందరగా వెనక్కి పోతుందన్నట్టు. శంషాబాద్‌లో గేటు మూసే ముందు విమానం ఎక్కిన ఆఖరి మనిషి తనే.

పొద్దుగూకాక ఆస్పత్రి మంచం మీద నుంచి పుష్పలత అక్కను పైనుంచి కిందికి చూసింది. చూపు చేతిలోని బ్యాగు దగ్గర ఆగింది.

"గిదేనా," అంది, "నీకన్న ముంగట బయలెల్లింది?"